అమ్మ పాటల పుస్తకం: సెంటర్ పిన్నా, పర్ఫెక్ట్ బైండింగా, కుట్టు బైండింగా?

తెనాలి అమ్మాయి

నమస్కారం అండీ. మా అమ్మకి ఈ మాఘమాసంలో 75 నిండుతాయి. పెళ్ళయిన కొత్త నుంచీ అమ్మ పాటలు రాసుకుంటూ వచ్చిన నోటుపుస్తకాలు మూడున్నాయి. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నవి కొన్ని, పేరంటాల్లో విని ఇంటికొచ్చాక మర్చిపోకుండా రాసిపెట్టుకున్నవి కొన్ని. మంగళహారతులు, నలుగు పాటలు, అప్పగింతల పాటలు, లాలి పాటలు, అన్నీ కలిపి 118 లెక్క తేలాయి. వీటిని పుస్తకంగా వేసి ఆ రోజు వచ్చినవాళ్ళందరికీ పంచాలని అక్కా నేనూ అనుకున్నాం. టైపింగ్, ప్రూఫులు అయిపోయాయి. డెమ్మీ 1/8 సైజులో, అంటే మామూలు నవల సైజులో, 104 పేజీలు వచ్చింది. పాడేవాళ్ళలో అరవై దాటినవాళ్ళే ఎక్కువ కాబట్టి అక్షరం పెద్దది పెట్టించాను, అందుకే అన్ని పేజీలు. 300 కాపీలు కావాలి.

ఇప్పుడు బైండింగ్ దగ్గర ఆగిపోయాను. మూడు ప్రెస్సులకి వెళ్తే మూడు మాటలు చెప్పారు. ఒకాయన సైడ్ పిన్ను కొట్టి అట్ట అతికించేద్దాం, చవక అన్నారు. రెండో ఆయన ఈ రోజుల్లో అందరూ పర్ఫెక్ట్ బైండింగే చేయిస్తున్నారు, చూడ్డానికి అసలు పుస్తకంలా ఉంటుంది అన్నారు. మూడో చోట 104 పేజీలకి సెంటర్ పిన్ను చాలు, ఏమీ కాదు అన్నారు. కుట్టు బైండింగ్ సంగతి అడిగితే 300 కాపీలకి ఎవరు కూర్చుంటారమ్మా అన్నారు.

నా టెన్షన్ ఏంటంటే, పోయినేడు మా బంధువుల్లో ఒకరు ఇలాగే వ్రతకథల పుస్తకం పర్ఫెక్ట్ బైండింగ్ చేయించి పంచారు, రెండు పూజలయ్యేసరికి మధ్యలో పేజీలు ఊడి చేతికొచ్చాయి. అమ్మ పుస్తకానికి అలా కాకూడదు. డబ్బు కొంచెం ఎక్కువైనా ఫర్వాలేదు గానీ మరీ ఎక్కువ పెట్టలేం. తెలిసినవాళ్ళు చెప్పండి.

బెజవాడ ప్రెస్సు మనిషి

అమ్మగారికి నమస్కారాలు చెప్పండమ్మా. నేను విజయవాడలో 22 ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను, డీటీపీలో, అంటే కంప్యూటర్ మీద పేజీలు కూర్చే పనిలో మొదలుపెట్టి ఇప్పుడు బైండింగ్ సెక్షన్ చూసుకుంటున్నాను. మీరు అడిగినవి ఒక్కొక్కటీ చెప్తాను, కొంచెం పెద్దది అవుతుంది, ఓపిగ్గా చదవండి.

సైడ్ పిన్ను వద్దే వద్దు. పుస్తకాన్ని మూసి, వెన్నుకి కాస్త లోపల పైనుంచి కిందికి పిన్ను దించుతారు, ఆ మేర ఇక తెరుచుకోదు. గైడ్లకి, రసీదు పుస్తకాలకి సరిపోతుంది. పాటల పుస్తకం రెండు చేతులతో పట్టి విప్పితే తప్ప లోపలి అక్షరాలు కనపడవు.

సెంటర్ పిన్ను అంటే కాగితాలన్నీ ఒకదానిలో ఒకటి దూర్చి మడత మీద పిన్నులు కొట్టడం. బాగా తెరుచుకుంటుంది, పేజీ ఊడదు, చవక. కానీ 104 పేజీలంటే 26 కాగితాలు ఒకే మడతలో పడతాయి. 70 జీఎస్ఎం (చదరపు మీటరు 70 గ్రాములు తూగే) మ్యాప్‌లిథో, అంటే మామూలు పుస్తకాల తెల్ల కాగితం, మందం మిల్లీమీటరులో పదో వంతుకి కొంచెం తక్కువ. 26 కాగితాలు మడిస్తే లోపలి కాగితం బయటి కాగితం కంటే రెండు మిల్లీమీటర్లకి పైగా ముందుకి పొడుచుకొస్తుంది. కటింగ్‌లో దాన్ని సమానంగా కోసేస్తారు, అంటే మధ్య పేజీల్లో బయటి మార్జిన్ అంత తగ్గిపోతుంది. మీ పేజీ నంబర్లు అంచుకి దగ్గరగా ఉంటే మధ్యలోవి కోతలోకి వెళ్ళినా వెళ్తాయి. పైగా మడత దగ్గర లావై పుస్తకం నోరు తెరుచుకున్నట్టు ఉంటుంది, బరువు పెట్టినా మూసుకోదు. 70 జీఎస్ఎం మీద 64 పేజీల దాకా నేను ధైర్యంగా చేస్తాను. మూడో ప్రెస్సాయన చేసి ఇవ్వగలరు, అబద్ధం కాదు, కానీ అందంగా రాదు.

ఇక పర్ఫెక్ట్ బైండింగ్. దీంట్లో మడతని మెషిన్ మీద చెక్కేస్తారు, అప్పుడు ప్రతి కాగితమూ విడి కాగితం అయిపోతుంది. ఆ చెక్కిన అంచుకి వేడి జిగురు పూసి అట్ట అంటిస్తారు. పేజీని పట్టుకుని ఉన్నది ఆ జిగురొక్కటే. మీ బంధువుల పుస్తకంలో పేజీలు ఊడాయంటే వెన్ను సరిగా గరుకు చేసి ఉండరు, లేదా జిగురు చల్లారిపోయి ఉంటుంది, లేదా కాగితం నార అడ్డంగా పడి ఉంటుంది. ఈ మూడోది ఎవరూ పట్టించుకోరు. కాగితానికి నార ఉంటుంది, అది వెన్నుకి సమాంతరంగా, నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉంటే పేజీ బిరుసుగా నిలబడి జిగురుని లాగుతుంది, తేమ తగిలితే వెన్ను దగ్గర అలలు లేస్తుంది. ఒక పేజీని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపి చూడండి. ఎటు తిన్నగా చిరిగితే నార అటు ఉన్నట్టు.

పీయూఆర్ అని ఇంకో రకం జిగురు ఉంది. మామూలు దాని కంటే చాలా బాగా సాగుతుంది, గట్టిగా పట్టుకుంటుంది, పుస్తకం కూడా ఇంకాస్త బాగా తెరుచుకుంటుంది. అది ఆరడానికి గంటలు పడుతుంది, మెషిన్ అన్ని చోట్లా ఉండదు, 300 కాపీలకి ఒప్పుకునేవాళ్ళు తక్కువ. అడగడంలో తప్పు లేదు.

కుట్టు బైండింగ్ అన్నిటికంటే మంచిది. 16 పేజీలు ఒక ఫారం, ఫారాన్ని మడిచి, మడతలోంచి దారం పోనిచ్చి, ఫారాలన్నిటినీ ఒకదానికొకటి కుట్టి, ఆ తర్వాత జిగురు, అట్ట. మీది ఆరున్నర ఫారాలు. ఖర్చు మాత్రం బాగా తేడా వస్తుంది.

ఒక్క మాట మర్చిపోవద్దు. బైండింగ్ ఏదో తేల్చుకోకుండా ప్రింటింగ్‌కి ఇవ్వకండి. సెంటర్ పిన్నుకి పేజీలు పేర్చే వరస వేరు, కుట్టుకి వేరు, పర్ఫెక్ట్‌కి విడి కాగితాలుగా వేస్తే అదీ వేరు. విడి కాగితాలుగా ప్రింట్ చేసేశాక కుట్టమంటే కుట్టడానికి మడతే ఉండదు.

హారతి పళ్ళెం

నేను హైదరాబాద్‌లో మా కాలనీ భజన బృందంలో ఉన్నాను, మేము పదిహేను మందిమి ప్రతి శనివారం కూర్చుంటాం. ఈ ప్రశ్నకి ప్రెస్సు వైపు నుంచి కాదు, పాడేవాళ్ళ వైపు నుంచి జవాబు చెప్తాను.

హారతి పాట పాడేటప్పుడు కుడి చేతిలో పళ్ళెం ఉంటుంది, ఎడమ చేత్తో గంట వాయిస్తాం. పుస్తకం పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు కదండీ! పుస్తకం కింద పీట మీద ఉండాలి, తనంతట తాను తెరుచుకుని ఉండాలి. మా దగ్గర పర్ఫెక్ట్ బైండింగ్ పుస్తకాలు రెండు మూడున్నాయి, ఒకదాని మీద కుంకుమ భరిణె, ఇంకోదాని మీద కొబ్బరికాయ పెట్టి పాడతాం. అవి మూసుకోకుండా మోకాలితో నొక్కి నొక్కి వెన్నులు విరిగిపోయాయి.

అందుకే మేము మా పుస్తకం స్పైరల్ చేయించాం. పూర్తిగా వెనక్కి మడిచి ఒక్క పేజీలా పట్టుకోవచ్చు. నాలుగేళ్ళయింది, ఇంకా వాడుతున్నాం. చిల్లుల దగ్గర కొన్ని పేజీలు చిరిగాయి, పిల్లలు ఒక స్పైరల్ లాగి సాగదీశారు, నిజమే. బీరువాలో పెడితే ఒకదాని చుట్ట ఇంకోదానిలో చిక్కుకుంటుంది. అయినా పాడేటప్పుడు ఇంత హాయి ఇంకో బైండింగ్‌లో లేదు.

ఇంకో సంగతి, ఇది బైండింగ్ కాకపోయినా బైండింగ్‌తో ముడిపడిందే. పాట ఒక పేజీ దాటితే ఎడమ పేజీలో మొదలుపెట్టించండి, అప్పుడు కుడి పేజీతో కలిసి పాటంతా ఒకేసారి కళ్ళ ముందుంటుంది. పల్లవి ఒకవైపు పెట్టి చరణాలు తిప్పితే కనపడేట్టు చేస్తే, హారతి మధ్యలో పేజీ తిప్పేది ఎవరు?

ఓరుగల్లు పాఠకుడు

పైన చెప్పినవన్నీ బాగున్నాయి గానీ స్పైరల్‌తో నేను ఒప్పుకోను, క్షమించాలి. మా ఊళ్ళో చిన్న గ్రంథాలయం నడుపుతున్నాం. ఎవరైనా చనిపోతే వాళ్ళింట్లోని పుస్తకాలు మా దగ్గరికే వస్తాయి. అందులో ఎనభై ఏళ్ళ నాటి పుస్తకాలు ఉంటాయి, కాగితం పసుపైపోయి ముట్టుకుంటే పొడి రాలుతున్నా ఫారాలు మాత్రం కుట్టు మీద అలాగే ఉంటాయి. ఇరవై ఏళ్ళ కిందటి జిగురు పుస్తకాలు తెరవగానే నాలుగు ముక్కలు. అంటే కాగితం కంటే ముందు జిగురు పోయింది. అవి మేమే మళ్ళీ కుట్టి, కాలికో బట్ట (బైండింగ్‌కి వాడే గట్టి నూలు బట్ట) వేసి, మైదా జిగురులో పురుగు పట్టకుండా కొంచెం మైలుతుత్తం కలిపి అతికిస్తాం. ఒక్కోదానికి ఒక పూట పడుతుంది.

మీ అమ్మగారు రాసిపెట్టిన నలుగు పాటలు, అప్పగింతల పాటలు ఇప్పుడు పాడేవాళ్ళు ఎంతమంది ఉన్నారు? ఇంకో యాభై ఏళ్ళకి ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారు. ఆ రోజుకి పుస్తకం ఉండాలి. 300 కాపీలూ కుట్టించలేకపోతే కనీసం పాతిక కాపీలు కుట్టు బైండింగ్ చేయించి గ్రంథాలయాలకి ఇవ్వండి. మాకు ఒక్కటి పంపితే పోస్టు ఖర్చు మేమే పెట్టుకుంటాం.

పిన్నుల గురించి కూడా ఒక మాట. మీది సముద్రం గాలి తగిలే వైపు, మామూలు ఇనప పిన్ను కొన్నేళ్ళకే తుప్పు పట్టి మడత దగ్గర కాగితాన్ని తినేస్తుంది. పూజ దగ్గర నీళ్ళ చేతులు ఎలాగూ తగులుతాయి. స్టెయిన్‌లెస్ తీగ ఉందా అని ప్రెస్సువాళ్ళని అడగండి.

డాలస్ నుంచి

చిన్న అనుభవం. మా అత్తగారు ఇండియా నుంచి తెచ్చిన శ్లోకాల పుస్తకం, పర్ఫెక్ట్ బైండింగ్, ఆగస్టులో గుడికి వెళ్ళినప్పుడు కారులో మర్చిపోయాం. సాయంత్రం తీసేసరికి వెన్ను మెత్తబడి పేజీలు జరిగిపోయాయి, చల్లారాక అలా వంకరగానే బిగుసుకుపోయింది. వేడితో అతికిన జిగురు వేడికి మెత్తబడుతుందని అప్పుడు తెలిసింది. మీ దగ్గర వేసవి ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

తెనాలి అమ్మాయి

అందరికీ చాలా చాలా థాంక్స్ అండీ. పళ్ళెం, గంట, మూడో చెయ్యి సంగతి చదివాక నేను తప్పు ప్రశ్నతో మొదలుపెట్టాననిపించింది. ఏది గట్టిగా ఉంటుందా అనే ఆలోచించాను, అమ్మ దాన్ని ఎలా వాడుతుందో కళ్ళ ముందే ఉన్నా చూడలేదు. ప్రెస్సు మనిషి గారూ, ఒక డౌటు. ముందుగా చూసుకోవడానికి చేసే నమూనా పుస్తకాన్ని డమ్మీ అంటారు కదా, అది చేయించి చూడొచ్చా? ఒక్క కాపీ కోసం ప్రెస్సువాళ్ళు చేస్తారా?

బెజవాడ ప్రెస్సు మనిషి

చేస్తారమ్మా, చేయమని గట్టిగా అడగాలి. ప్రింటు అక్కర్లేదు, మీరు ఎంచుకున్న అదే కాగితం, అదే అట్టతో తెల్ల డమ్మీ చేయించండి. వేరే కాగితంతో చేస్తే మందం మారిపోతుంది, బిరుసు మారిపోతుంది, చూసి లాభం లేదు. సెంటర్ పిన్నుది ఒకటి, పర్ఫెక్ట్‌ది ఒకటి అమ్మగారి చేతికే ఇవ్వండి. కొన్ని పాటలు ఇంటి ప్రింటరు మీద తీసి మధ్యలో నాలుగు పేజీలకి అతికిస్తే ఇంకా మంచిది.

అట్ట గురించి అడగలేదు గానీ చెప్తున్నాను. నూనె, కుంకుమ తగిలే పుస్తకం కాబట్టి గ్లాసీ లామినేషన్ (అట్ట మీద మెరిసే ప్లాస్టిక్ పొర) తీసుకోండి, తుడిస్తే పోతుంది. మ్యాట్ (మెరవని పొర) చూడ్డానికి బాగుంటుంది గానీ చేతి మరకలు, గీతలు పడతాయి. 250 జీఎస్ఎం ఆర్ట్ కార్డు అయితే మడిచేముందు క్రీజింగ్ చేయాలి, అంటే మడత పడేచోట గీతలా నొక్కాలి, నేరుగా మడిస్తే మడత మీద రంగు పగిలి తెల్లగా గీత పడుతుంది.

తెనాలి అమ్మాయి

పది రోజుల తర్వాత వచ్చాను, ఏమైందో చెప్తాను.

రెండు డమ్మీలు తెచ్చి అమ్మకిచ్చి ఏమీ చెప్పలేదు. అమ్మ పీట వేసుకుని, దేవుడి ముందు కూర్చుని, పర్ఫెక్ట్ బైండింగ్ డమ్మీ తెరిచి పెట్టింది. పళ్ళెం అందుకునేలోపు అది మూసుకుంది. మళ్ళీ తెరిచి అరచేత్తో గట్టిగా రాసింది, అయినా పైకి లేచింది. గంట తెచ్చి దాని మీద పెట్టింది, ఇప్పుడు వాయించడానికి గంట లేదు. సెంటర్ పిన్నుది, 104 పేజీలది, తెరుచుకుని ఉంది గానీ మొదటి పాటల దగ్గర బరువంతా కుడివైపే ఉండడంతో ఎడమవైపు లేచి లేచి పడుతోంది, ప్రెస్సు మనిషి గారు చెప్పినట్టే నోరు తెరుచుకున్న చేపలా ఉంది.

అప్పుడు అమ్మ ఒక మాట అంది. "దేవుడి దగ్గర అప్పగింతల పాటలు ఎవరు పాడతారే, ఇవి ఎందుకు కలిపావు?" అంది. నేను నోటుపుస్తకాల వరసలోనే టైప్ చేయించాను, నాకు తట్టనే లేదు. అమ్మ కూర్చుని వేరు చేసింది. హారతులు, లాలి పాటలు, మేలుకొలుపులు ఒక పుస్తకం, పెళ్ళి పాటలన్నీ ఒక పుస్తకం. పేజీలు మళ్ళీ సర్దితే మొదటిది 48, రెండోది 56 వచ్చాయి. రెండూ నాలుగుతో భాగింపబడేవే, రెండూ 64 లోపలే. పెద్ద పాటలన్నీ ఎడమ పేజీలో మొదలయ్యేట్టు సర్దాం, అందుకోసం చిన్న లాలి పాటలు కొన్ని ముందుకీ వెనక్కీ జరపాల్సి వచ్చింది, అమ్మ ఒప్పుకుంది.

కాబట్టి రెండు పుస్తకాలు, రెండూ సెంటర్ పిన్ను, స్టెయిన్‌లెస్ తీగ, గ్లాసీ లామినేషన్. ఒకే పుస్తకం కంటే అట్టల ఖర్చు పెరిగింది గానీ పర్ఫెక్ట్ బైండింగ్ ఖర్చు తగ్గింది, దాదాపు అక్కడికక్కడే సరిపోయింది. పెళ్ళి పాటల పుస్తకం అందరికీ అక్కర్లేదని అది 200 చాలనుకున్నాం. పేజీ నంబర్లు అంచుకి 12 మిల్లీమీటర్లు లోపలికి జరిపించాను.

ఓరుగల్లు వారూ, మీరు చెప్పిన పాతిక కాపీల మాట మనసులో ఉండిపోయింది. ప్రెస్సులో అడిగితే పాతికకి కుట్టు కుదరదన్నారు. ఏమైనా దారి ఉందా?

ఓరుగల్లు పాఠకుడు

ఉంది, ఇంకా సులువైంది. రెండు పుస్తకాలుగా విడగొట్టారు కదా, ఇప్పుడు ఒక్కోటీ ఒకే మడత. ఒకే మడత పుస్తకాన్ని ఇంట్లోనే కుట్టుకోవచ్చు. ప్రెస్సులో పాతిక జతలు పిన్ను కొట్టకుండా, మడిచి, అంచులు కోయకుండా ఇమ్మనండి. మడతని సరిగ్గా తెరిచి, ఒక అట్టముక్క మీద కొలత గుర్తులు పెట్టుకుని దబ్బనంతో అయిదు చిల్లులు పొడవండి, మధ్యలో ఒకటి, పైన రెండు, కింద రెండు. గట్టి నూలు దారానికి తేనెమైనం రాయండి, చిక్కు పడదు, జారదు. లోపలి నుంచి మధ్య చిల్లులోంచి బయటికి, పైకి కుట్టుకుంటూ వెళ్ళి తిరిగి మధ్య దాటి కిందికి, మళ్ళీ మధ్యకి వచ్చి లోపల ముడి. దారం లాగేటప్పుడు ఎప్పుడూ మడత వెంబడే లాగాలి, మీ వైపుకి లాగితే చిల్లు చిరుగుతుంది. కుట్టాక తీసుకెళ్తే వాళ్ళే మూడు వైపులా కోసిస్తారు. చెయ్యి తిరిగాక పుస్తకానికి పది నిమిషాలు.

హారతి పళ్ళెం

స్పైరల్ వద్దన్నారని నాకేం బాధ లేదండీ, రెండు పుస్తకాలు చేయడం అన్నిటికంటే బాగుంది. మా బృందానికి హారతుల పుస్తకాలు పదిహేను కావాలి, మిగిలితే చెప్పండి, ఖర్చు ఇస్తాం.

తెనాలి అమ్మాయి

తప్పకుండా పక్కన పెడతానండీ. ఓరుగల్లు వారూ, మీరు చెప్పింది అమ్మకి చదివి వినిపించాను. పిన్నినీ పెద్దమ్మనీ ఆదివారం రమ్మని ఫోన్ చేసేసింది, ముగ్గురికీ చిన్నప్పటి నుంచీ సూది పని వచ్చు. దబ్బనం ఇంట్లోనే ఉంది, తేనెమైనం తేవాలి. దారం తెల్లది కాకుండా పసుపు రంగుది కావాలట. మొదటిది కుట్టగానే మీకే పంపిస్తాం.